ముప్ఫై ఏడు సాయంత్రాలు

మా రేడియో స్టేషన్ పగలు పెద్ద గొంతుతో, రాత్రి చిన్న గొంతుతో మాట్లాడేది. అలాగే మాట్లాడాలని రూలు. పగలు వెయ్యి వాట్లు, పొద్దు కుంకాక యాభై. వెయ్యి వాట్లకి చుట్టుపక్కల నాలుగు పట్టణాలూ, ఏటికి అవతలున్న ఊళ్ళూ వినేవి. యాభై వాట్లకి మా ఊరి బస్సు డిపో దాటితే గరగర తప్ప మరేమీ ఉండేది కాదు. ఆ ఏడు జూలైలో నాకు సాయంత్రం ఆరింటి నుంచి ఆరున్నర దాకా అరగంట ప్రోగ్రాం ఇచ్చారు. జూలైలో ఆరున్నరకి ఇంకా వెలుగుంటుంది కనక మొదటి రోజు నుంచే నేను పెద్ద గొంతుతో జనంలోకి వెళ్ళాను. అదంతా నా గొంతు మహిమే అనుకున్నాను.

అలా పొరబడడానికి నాకు అసలు వీల్లేదు. నేను అక్కడ సాయంత్రం డ్యూటీ టెక్నీషియన్ని కూడా. స్టేషన్ చిన్నది, మూడే గదులు, ఒక్కో మనిషికి రెండేసి పనులు. మేనేజరే ప్రకటనలు చదివేవాడు. మాటిమాటికీ మణికట్టు చూసుకుంటాడని ఆయన్ని చాటుగా గడియారం అనేవాళ్ళం. వాచ్‌మనే టవరు చుట్టూ గడ్డి కోసేవాడు. నాకు ఈ పని నేర్పిందీ, పెట్టించిందీ మా బాబాయ్. ఆయన అక్కడ చీఫ్ టెక్నీషియన్. చీఫ్ అంటే ఆయన కింద ఉన్నది నేనొక్కదాన్నే. ఆయన లైసెన్సు, కుర్రతనపు ఫొటోతో సహా, ట్రాన్స్‌మిటర్ గది గోడకి ఫ్రేము కట్టి ఉండేది. పొద్దున అయిదింటికి వచ్చి స్టేషన్ తెరిచేవాడు, సాయంత్రం అయిదింటికి నాకు అప్పజెప్పి ఇంటికి వెళ్ళేవాడు. నేనుండేది కూడా ఆయనింట్లోనే. బాబాయ్, పిన్ని, నేను, అంతే మా ఇల్లు.

ట్రాన్స్‌మిటర్ బీరువా అంత ఉండేది. దాని మీద రెండు బటన్లు. కంపెనీవాడు వేసిన అక్షరాలు చెరిగిపోతే బాబాయ్ మందుల షాపు ప్లాస్టర్ ముక్కలు అంటించి 'పగలు', 'రాత్రి' అని పెన్నుతో రాసిపెట్టాడు. పక్కన గోడకి పొద్దు కుంకే టైముల పట్టిక, నెలకో టైము. జూలైలో ఆరూ నలభై అయిదు, సెప్టెంబర్‌లో ఆరుంపావు, అక్టోబర్‌లో ఆరు, నవంబర్‌లో అయిదూ నలభై అయిదు. ఆ టైముకి 'రాత్రి' నొక్కితే టవరుకి వెళ్ళే కరెంటు మీటరులో ముల్లు నాలుగున్నర నుంచి ఒకటికి పడిపోతుంది. ఆ ఒకటిని లాగ్ బుక్‌లో టైము వేసి రాయాలి. మర్నాడు పొద్దున బాబాయ్ చూసి పక్కన సంతకం పెడతాడు.

డ్యూటీలో చేరిన కొత్తలో అడిగాను, చీకటి పడితే ఎందుకు తగ్గించాలని.

"పగలు మన సిగ్నలు నేల పట్టుకుని పోతుందమ్మా. కొంతదూరం పోయి అలిసి ఆగిపోతుంది," అన్నాడు బాబాయ్. "చీకటి పడేసరికి ఆ పైన ఆకాశంలో ఒక పొర అద్దంలా తయారవుతుంది. పైకి పోయింది దాన్ని కొట్టుకుని ఎక్కడో దూరంగా దిగుతుంది. రేడియోలో మన నంబరు మీదే ఇంకో స్టేషనుంది, సముద్రం ఒడ్డున రేవు పట్టణంలో, ఏడొందల కిలోమీటర్ల అవతల. సరిగ్గా వాళ్ళ నెత్తిన పడతాం."

"పడితే ఏమవుతుంది?"

"వాళ్ళింట్లో వాళ్ళేదో మాట్లాడుకుంటుంటే మనం వెళ్ళి నట్టింట్లో కూర్చుని అరిచినట్టుంటుంది. వాళ్ళు కూడా తగ్గించుకుంటున్నారుగా రోజూ, మన కోసం."

బుద్ధిగా తలూపాను. పరీక్ష పెట్టి ఉంటే నూటికి నూరు తెచ్చుకునేదాన్ని.

ప్రోగ్రాంలో పెద్ద విశేషమేమీ లేదు. వినేవాళ్ళ ఉత్తరాలు చదవడం, మధ్యలో రెండు పాటలు, చివర ఒక పొడుపుకథ. విప్పినవాళ్ళ పేర్లు మర్నాడు చదివేదాన్ని. అయినా ఆగస్టు వచ్చేసరికి ఉత్తరాల సంచీ నేనొక్కదాన్నే ఎత్తలేకపోయాను. జనం నాకు ఆరింటమ్మాయి అని పేరు పెట్టారు. ఏటి అవతల ఊళ్ళో ఒక టైలరింగ్ షాపు ఆడవాళ్ళు అయిదుగురూ కలిసి వారానికి ఒక ఉత్తరం రాసేవాళ్ళు, ఒక్కో పేరా ఒక్కొక్కరు. బస్సులో నా మాట విని ఒకావిడ వెనక్కి తిరిగి, "నువ్వు ఆరింటమ్మాయివి కదూ!" అని నా గడ్డం పట్టుకుంది. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

పిన్ని ముందే కనిపెట్టింది. "దీనికి కళ్ళు నెత్తికెక్కుతున్నాయండీ. ఉప్పు అందుకోమన్నా మైకులో చెప్పినట్టే చెప్తోంది," అని బాబాయ్‌తో అంటే ఆయన నవ్వేవాడు. "పోనీలేవే. మన ఇంట్లో ఒక గొంతన్నా నలుగురూ వింటున్నారు," అనేవాడు. పిన్నికి మా వాళ్ళెవరి గురించీ అంత గొప్ప లేదు, ఒక్క బాబాయ్ గురించి తప్ప. "మా ఆయన ముప్ఫై ఏళ్ళలో ఒక్కరోజు ఆలస్యంగా తెరిచారేమో అడగండి స్టేషన్ని," అని ఎవరొచ్చినా చెప్పేది. వచ్చినవాళ్ళు ఎలా అడుగుతారో ఆవిడకే తెలియాలి.

సెప్టెంబర్‌లో పొద్దు నా ప్రోగ్రాం నడుమకి వచ్చింది. పాట వేసి పక్కగదిలోకి పరిగెత్తి 'రాత్రి' నొక్కి వచ్చేదాన్ని. రెండో సగం ఊళ్ళోవాళ్ళకే. అక్టోబర్ ఒకటిన సరిగ్గా ఆరింటికి నొక్కాల్సి వచ్చింది. అంటే నేను నమస్కారం చెప్పేసరికే నాలుగు పట్టణాలూ పోయాయి. మూడు రోజుల్లోనే సంచీ సగమైంది. నాలుగో రోజున టైలరింగ్ షాపు వాళ్ళ ఉత్తరం వచ్చింది, ఈసారి ఒకటే పేరా. 'ఆరు కొట్టగానే మీరు గరగరమని మాయమైపోతున్నారు. మా మీద అలిగారా? వేరే స్టేషన్ పెట్టుకుంటున్నాం, ఏమీ అనుకోకండి.'

దాన్ని పట్టుకుని మేనేజర్ గదికి వెళ్ళాను. ప్రోగ్రాం అయిదింటికి మార్చమన్నాను.

"అయిదింటికి బజారు ధరలమ్మా. దాన్ని కదిపితే షాపులవాళ్ళు నన్ను కదిపేస్తారు," అన్నాడాయన వాచీ చూసుకుంటూ. "ఊళ్ళోవాళ్ళు వింటున్నారుగా. వాళ్ళు మనుషులు కారా?"

నాకు వాళ్ళు మనుషుల్లా కనిపించలేదు. ఇప్పుడు రాయడానికే సిగ్గేస్తోంది కానీ, ఆ సాయంత్రం నాకు మా ఊరంతా కలిపి ఒక బస్సు డిపోలా కనిపించింది.

ఆ రోజు ఆరింటికి 'రాత్రి' నొక్కలేదు. మరిచిపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు. బటన్ మీద వేలు పెట్టి, తీశాను. ఈ ఒక్కరోజు టైలరింగ్ షాపు వాళ్ళకి నేను అలగలేదని చెప్పి ఊరుకుందామనుకున్నాను. ఆరున్నరకి ప్రోగ్రాం అయ్యాక నొక్కాను. ముల్లు బుద్ధిగా ఒకటికి పడింది. లాగ్ బుక్‌లో 'ఆరు గంటలు, 1.0' అని రాశాను. నా చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది. పొద్దున బాబాయ్ సంతకం పెట్టాడు.

రెండో రోజుకి అంత ఆలోచించలేదు. పదో రోజుకి ఆలోచించడమే లేదు. ఆకాశానికి ఎవరు కాపలా కాస్తున్నారు, అరగంటకి కొంప మునుగుతుందా అనుకున్నాను. కొన్నాళ్ళకి ప్రోగ్రాంకి ముందే లాగ్ బుక్ రాసేసి, ఆ పని అయిపోయినట్టు మైకు దగ్గరికి వచ్చేదాన్ని. ఉత్తరాల సంచీ మళ్ళీ నిండింది. టైలరింగ్ షాపు వాళ్ళు మళ్ళీ అయిదు పేరాలు రాశారు. "చలికాలంలో కూడా ఇన్ని ఉత్తరాలా?" అని మేనేజర్ ఆశ్చర్యపోయాడు. బాబాయ్ కూడా సంచీ చూశాడు. చూసి, "మంచి ప్రోగ్రాం చేస్తే ఊళ్ళోవాళ్ళే రాస్తారు," అని మేనేజర్‌కి నా తరఫున జవాబు చెప్పాడు. అప్పుడైనా నాకు తల కొట్టేసినట్టు ఉండాల్సింది. లేదు, గర్వంగానే ఉంది.

నవంబర్ మధ్యలో ఒక గురువారం నాడు ఆ కార్డు వచ్చింది. ముద్ర చూస్తే రేవు. ఏడొందల కిలోమీటర్లు! చదవడం కాదు, మింగేశాను. 'నమస్కారం. ప్రతి సాయంత్రం ఆరింటి నుంచి ఆరున్నర దాకా మీ కార్యక్రమం మా దగ్గర చాలా స్పష్టంగా వినబడుతోంది. మా వాళ్ళందరికీ మీ గొంతు బాగా తెలిసిపోయింది. ఈ సంగతి మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను.' కింద సంతకం.

ఆ కార్డు టెక్నీషియన్ చదివి ఉంటే చెమటలు పట్టేవి. చదివింది ఆరింటమ్మాయి. కార్డుకి అవతలివైపు అడ్రసులో 'సాయంకాలం డ్యూటీ టెక్నీషియన్ గారికి' అని ఉంది. అది నా కంట పడింది కూడా. ఎవరికి రాయాలో తెలియక అలా రాసి ఉంటారు పాపం అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆరూ పది ప్రాంతంలో కార్డుని మైకులో చదివాను. చదివి ఊరుకున్నానా! "ఎక్కడి రేవు, ఎక్కడి మన ఊరు! సముద్రం ఒడ్డున కూర్చుని నన్ను వింటున్న అక్కలూ అన్నలూ, మీకు నా దండాలు. మీ అలల చప్పుడు నాకు వినిపిస్తోందిలెండి," అని నవ్వాను. ఆ నవ్వు బాగా కుదిరిందని నాకే అనిపించింది. వెయ్యి వాట్ల మీద నవ్వాను.

ఇంటికి వెళ్ళేసరికి పిన్ని వీధి గుమ్మంలోనే ఉంది. "రేవులో వింటున్నారటే నిన్ను! పక్కింటావిడ కూడా వచ్చి చెప్పి వెళ్ళింది," అంది. బాబాయ్ వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రేడియో కట్టేసి ఉంది. ఆయన ఎప్పుడూ నా ప్రోగ్రాం తర్వాత వార్తలు వినేవాడు.

"ఆ కార్డు ఉందా, తెచ్చావా?" అన్నాడు.

సంచీలోంచి తీసి ఇచ్చాను. రాసినవైపు చూడనైనా చూడలేదు. తిప్పి అడ్రసు చదివాడు. చదివి బల్ల మీద పెట్టి, పిన్ని అవతలికి వెళ్ళేదాకా ఆగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆ కార్డు మెచ్చుకోలు కాదని అప్పుడు గానీ నాకు వెలగలేదు. చెప్పెయ్యడానికి అంతకన్న మంచి సమయం దొరకదు. ఆయన కోపంగా లేడు, గొంతు కూడా పెంచలేదు.

"రెండు మూడు రోజులు," అన్నాను. "పాట వేసి మర్చిపోయాను బాబాయ్."

"రెండు మూడు రోజులేనా?"

"అంతే."

ఆయన నా ముఖంలోకి చూసి, నమ్మాడు. నమ్మాడనే నాకు ఇప్పటికీ నమ్మకం. "సరే, రేపు వాళ్ళకి ఫోన్ చేసి చెప్తాను. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, చెప్పేస్తే పోతుంది," అని లేచి, కంచాలు పెట్టమని పిన్నిని కేకేశాడు. నేను మెతుకు మెతుకూ లెక్కపెట్టుకుంటూ తిన్నాను.

మర్నాడు ఆయన ఫోన్ చేస్తున్నప్పుడు నేను గుమ్మం బయట నిలబడి విన్నాను. "నమస్కారమండీ, మేం మీ నంబరు మీదే ఉన్న స్టేషనండీ... అవునండీ, మాదే తప్పు... రెండు మూడు రోజులు జరిగిందండీ, ఇక జరగదు... క్షమించాలి." అవతలివాళ్ళు ఏదో పొడుగ్గా మాట్లాడారు. తర్వాత, "లేదండీ, అంతేనండీ. మా వాళ్ళు అబద్ధం చెప్పరండీ," అని పెట్టేశాడు. నేను తేలు కుట్టిన దొంగలా అక్కణ్ణుంచి తప్పుకున్నాను. ఆ సాయంత్రం అయిదూ నలభై అయిదుకి 'రాత్రి' నొక్కి, ఊళ్ళోవాళ్ళకి పొడుపుకథ చెప్పాను.

పది రోజులకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. తోలు సంచీలోంచి ఒక కాగితం తీసి మేనేజర్ బల్ల మీద పెట్టింది. రేవు స్టేషన్ వాళ్ళు పంపిన తేదీల జాబితా. వాళ్ళు రోజూ రాసి పెట్టుకున్నారు. ఆదివారాలు నాకు ప్రోగ్రాం లేదు, ఆ జాబితాలో ఆదివారాలూ లేవు. కింద మొత్తం వేసి ఉంది, ముప్ఫై ఏడు అని.

బాబాయ్ ఆ అంకె చూసి ఒక్కసారి నావైపు చూశాడు. ఒక్కసారే. తర్వాత ఆ రోజంతా మళ్ళీ చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ ట్రాన్స్‌మిటర్ గదిలోకి వెళ్ళి తనే 'పగలు', 'రాత్రి' అయిదుసార్లు నొక్కి చూసింది. అయిదుసార్లూ ముల్లు ఒకటికి పడింది. లాగ్ బుక్ అక్టోబర్ పేజీ తిరగేసి వరసగా చూసుకుంటూ పోయింది. ఒకటి, ఒకటి, ఒకటి. పక్కన బాబాయ్ సంతకాలు.

"యంత్రం బాగానే ఉంది. మరి ఏం జరిగిందండీ?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. తెరిచానన్నది నిజమే, మాట మాత్రం పెగల్లేదు. ఈలోగా బాబాయ్ మొదలుపెట్టాడు. "లోపల పవరు మార్చే రిలే ఒకటి అంటుకుపోయేదండీ. నొక్కినా తగ్గేది కాదు. నాకు తెలుసు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దామని నానబెట్టాను. పోయిన వారమే బాగుచేశాను."

"నానబెట్టారు, సరే. ముల్లు నాలుగున్నర మీదుంటే పుస్తకంలో ఒకటని ఎలా పడింది?"

"నేనే రాయమన్నాను."

మేనేజర్ మొదటిసారిగా వాచీ చూసుకోవడం మానేసి ఆయన్ని చూశాడు. ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీసి నావైపు తిరిగింది. "ఇది నీ చేతిరాతేగా అమ్మా? అంతేనా జరిగింది?"

అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా నాకు లేకుండా చేశాడు బాబాయ్. నేను కొత్తగా ఏమీ కల్పించనక్కర్లేదు, వెనకాల నిలబడితే చాలు.

"ఆయన చెప్పినట్టే చేశానండి," అన్నాను.

మైకు ముందు కూర్చుని ఎన్నో వాక్యాలు చదివాను. అంత స్పష్టంగా ఎప్పుడూ చదవలేదు.

సాయంత్రం నా డ్యూటీ అయ్యాక ఇంటికి బాబాయ్, నేను కలిసి నడిచి వెళ్ళాం. లైసెన్సు గోడ మీంచి దింపి పాత పేపరులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. దాన్ని రద్దు చేస్తున్నట్టు కాగితం తర్వాత వస్తుందట, ఈ రోజు నుంచే స్టేషన్‌కి రావద్దన్నాడు మేనేజర్. డిపో దగ్గరికి వచ్చాం.

"బాబాయ్..." అన్నాను.

"ఇంట్లో నువ్వేమీ చెప్పకు. నేను చెప్తాను," అన్నాడు. డిపో దాటాక, "నాకు మహా అయితే ఇంకో రెండేళ్ళు. నీకు బోలెడు ఉంది," అన్నాడు. ఇంకో పదడుగులు వేశాక, "రెండు మూడు రోజులన్నావు," అన్నాడు.

అది తిట్టు కూడా కాదు. ఏదో సామాను ఇంట్లో మరిచి వచ్చినప్పుడు అనుకున్నట్టు అన్నాడు. నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. గుర్తున్నది ఒకటే. ఆ నడకలో సిగ్గుకన్న ముందు నాకు ఊరట కలిగింది. నా ఉద్యోగం ఉంది, నా అరగంట ఉంది. ఇంటి మెట్లెక్కేదాకా ఆ ఊరటతోనే నడిచాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పిన్నికి బాబాయ్ ఆ రిలే కథే చెప్పాడు. ఆవిడ ముందు నమ్మలేదు. "మీరు నానబెట్టడమేమిటి? కుళాయి కారితే భోజనం మధ్యలో లేచే మనిషి," అంది. రెండోసారి చెప్పించుకుంది. మూడోసారి అడగలేదు. ఆ వారమంతా పక్కింటావిడ వస్తే పిన్ని పెరట్లోకి వెళ్ళిపోయేది.

కొత్త టెక్నీషియన్‌గా వేరే ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. రేవు వాళ్ళతో మళ్ళీ గొడవెందుకని మేనేజర్ నా ప్రోగ్రాంని అయిదింటికి మార్చేశాడు. బజారు ధరలు ఆరింటికి పోయాయి. షాపులవాళ్ళు ఎవరూ కిక్కురుమనలేదు. "నీ తప్పేముందమ్మా, పెద్దాయన చెప్తే చేశావు," అని నన్ను ఓదార్చాడు కూడా. అయిదింటికి బోలెడంత వెలుగు. నాలుగు పట్టణాలూ, ఏటి అవతలి ఊళ్ళూ మళ్ళీ నావయ్యాయి. అడిగినప్పుడు ఇవ్వనిది బాబాయ్ ఉద్యోగం పోయాక ఇచ్చారు, నేను తీసుకున్నాను.

బాబాయ్ ముందు గదిలో ఒక బల్ల వేసుకుని ఇరుగుపొరుగు ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. పొద్దున అయిదింటికే లేచి ఏం చెయ్యాలో తెలియక ఆ బల్ల తుడిచేవాడు.

డిసెంబర్ చివర ఒక ఉదయం ఆయన పేరున ఉత్తరం వచ్చింది, లావుపాటి కవరు. ముద్ర చూస్తే రేవు. బాబాయ్ చేతుల్లో విప్పిన ఫ్యాను, వేళ్ళ నిండా గ్రీజు.

"పక్కన పెట్టు, తర్వాత చూస్తాను," అన్నాడు.

"తర్వాతెందుకండీ? లైసెన్సు సంగతేమో," అంది పిన్ని. ఆవిడ ముఖంలో ఆ నెలలో మొదటిసారిగా ఆశ కనిపించింది. "చదవ్వే. అందరికీ చదివి పెడతావు, మాకోసారి చదివితే నీ సొమ్మేం పోయింది?"

"వద్దన్నానా," అన్నాడు బాబాయ్. ఆయన అలా విసుక్కోవడం మాకు అలవాటు లేదు. పిన్నికి పట్టుదల పెరిగింది. కవరు తనే చించి నా చేతిలో పెట్టింది.

చదివాను.

'అయ్యా, మీ మీద ఫిర్యాదు చేసింది నేనే. రేవు స్టేషన్‌లో టెక్నీషియన్ని. మీ లైసెన్సు పోయిందని తెలిసి, కారణం నేనే చెప్పాలని రాస్తున్నాను. రోజూ ఆరూ పదికి మేము తిరిగొచ్చిన పడవల పేర్లు చదువుతాం. ఒడ్డు వెంబడి ముప్ఫై కిలోమీటర్ల దాకా ఇళ్ళల్లో ఆ పేర్ల కోసం కూర్చుంటారు. పేరు వినబడితే పొయ్యి వెలిగిస్తారు. వినబడకపోతే దీపం పట్టుకుని రాళ్ళ మీదుగా రేవుకి నడుస్తారు. పొద్దు కుంకాక మేమూ నూరు వాట్లకి తగ్గించుకోవాలి కనక, మీరు వెయ్యి మీద ఉంటే మా పేర్లు మా వాళ్ళకే వినబడవు. మీ అమ్మాయి మాటలు వినబడతాయి.'

పిన్ని నావైపు చూసింది. నేను ఆగలేదు. ఆపితే ఎందుకు ఆపానో చెప్పాల్సి వస్తుంది.

'అయినా నేను ముందు కార్డు రాశాను. నాకు జవాబు మైకులో వచ్చింది, నవ్వుతో సహా. ఆ గురువారం గాలి ఎక్కువ. నాలుగు పడవల పేర్లు చదివాం. ఒక పేరు కోసం కూర్చున్న ఆవిడకి ఆ పేరుకి బదులు మీ అమ్మాయి దండాలు వినిపించాయి. ఆవిడ దీపం పట్టుకుని బయల్దేరి రాళ్ళ మీద పడింది. మోకాలి చిప్ప పగిలింది. అప్పటికే ఆవిడ భర్త రేవులో వలల మీద పడుకుని నిద్రపోతున్నాడు. ఆవిడది నేల మీద కూర్చుని వలలు బాగుచేసే పని. ఇక అలా కూర్చోవడం కుదరదని డాక్టరు చెప్పారు.

'అప్పటికీ ఫిర్యాదు చెయ్యాలనుకోలేదు. మర్నాడు మీరు ఫోన్ చేశారు. తప్పు ఒప్పుకుంటున్నారని సంతోషించాను. రెండు మూడు రోజులే అన్నారు. నా పుస్తకంలో ముప్ఫై ఏడు సాయంత్రాలున్నాయి. అందుకే మళ్ళీ అడిగాను. అంతేనన్నారు, మా వాళ్ళు అబద్ధం చెప్పరన్నారు. ఆ నిమిషమే కాగితం తీసుకుని రాశాను. నిజం చెప్పి ఉంటే వదిలేసేవాణ్ణి. ఈ వృత్తిలో ఉన్నవాడు పుస్తకంలోనూ ఫోనులోనూ కూడా అబద్ధమాడతాడని నేను అనుకోలేదు.'

అయిపోయింది. ఉత్తరం బల్ల మీద పెట్టాను.

"ఫోన్ కూడా చేశారా మీరు?" అంది పిన్ని. నెమ్మదిగానే అంది. "చేసి, రెండు మూడు రోజులని చెప్పారా?"

"చెప్పాను," అన్నాడు బాబాయ్.

"తెలిసే చెప్పారా?"

ఆయన ఫ్యాను రెక్క మీద గ్రీజు గుడ్డతో తుడుస్తూ ఉన్నాడు. "తప్పు జరిగిపోయిందే," అన్నాడు.

నావైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే చెప్పేసేదాన్నని చాలా ఏళ్ళు అనుకుంటూ వచ్చాను. అలా అనుకోవడం కూడా తప్పుని ఆయన మీదికే నెట్టడం. ఆయన చూడాల్సిన పని లేదు. నోరు నాది.

పిన్ని ఆ ఉత్తరాన్ని మడిచి కవరులో పెట్టింది. ముప్ఫై ఏళ్ళ సంగతి ఆ తర్వాత ఆవిడ ఎవరి దగ్గరా ఎత్తలేదు. స్టేషన్ని అడగమని ఎవరికీ చెప్పలేదు. వేళకి అన్నీ అమర్చేది, ఎదురు చెప్పేది కాదు, కానీ ఆయన ఏదైనా అంటే లోపల్లోపల తూచుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగి తలూపేది. తను పోయేదాకా అలాగే ఆగింది.

ఆ రోజు లేచి లోపలికి వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసింది. "పాపం, ఆ ఆడమనిషి," అంది. "నువ్వన్నా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసుకో తల్లీ. మీ బాబాయ్‌లా కాకు."

"అలాగే పిన్నీ," అన్నాను.